విగ్రహానికి డబ్బులున్నాయి, ఫలకానికి లేవు

నెల్లూరులో ఆటో ఎక్కి 'గాంధీబొమ్మ' అంటే చాలు, ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఏ విగ్రహమైనా ముందుగా చేసే పని అదే, ఊరికి గుర్తు కావడం. చిన్న పనేమీ కాదు. కానీ గుర్తుగా నిలవడం వేరు, చరిత్ర చెప్పడం వేరు. రెండో పని బొమ్మ చేయలేదు, దాని కింద దిమ్మె మీద చెక్కిన అక్షరాలే చేయాలి.

మన రెండు జిల్లాలకూ మనుషుల పేర్లే ఉన్నాయి. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం పంతులు పేరు పెట్టారు. నెల్లూరు 2008లో పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అయింది. ఇలాంటి పెద్దల విగ్రహాల దిమ్మెల మీద తరచూ కనిపించేదేమిటి? ఆవిష్కరించిన వారి పేరు పెద్దక్షరాల్లో, అధ్యక్షత వహించిన వారిది కొంచెం చిన్నగా, ఆ కింద విశిష్ట అతిథుల వరస. విగ్రహంలో ఉన్నాయనకు మిగిలేది పేరూ, రెండు తేదీలూ. శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహార దీక్షకు కూర్చుని 58వ రోజున, డిసెంబరు 15న కన్నుమూశారనీ, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిందనీ చెప్పడానికి నాలుగు పంక్తులు చాలు. ఆ నాలుగు పంక్తులకే చోటు దొరకదు.

చోటు దొరికినా చదవడానికి వీలుండాలి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ చేతికందే దూరంలో ఉంది కదా అని దాని మీదే చెక్కించేస్తారు. నల్లరాయిలో మెరిసే ఆ చుక్కలు ఇంటి గచ్చుకు అందమే గానీ, చిన్న అక్షరాలను మింగేస్తాయి. చుక్కల్లేని నల్లరాయి తీసుకుని, ఎండకు కళ్లు చెదరకుండా నునుపు తగ్గించి, అక్షరాన్ని మూడు మిల్లీమీటర్ల లోతున చెక్కాలి. పెయింటుతో రాస్తే కొన్నేళ్లకే పొట్టు లేస్తుంది. పంక్తుల మధ్య దూరం ఇంకా ముఖ్యం. పై పంక్తి వత్తులు కింది పంక్తి గుడులకు తగిలితే ఆ సందులో దుమ్ము చేరి రెండూ పూడిపోతాయి. అక్షరం ఎత్తుకు కనీసం రెండింతలైనా వదలాలి. ఫలకాన్ని విగ్రహం చుట్టూ వేసిన కటకటాల లోపల కాకుండా, బయట జనం కూర్చునే బెంచీ పక్కన పెట్టాలి. రోడ్ల మీద, కాలిబాటల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది కాబట్టి, ఎలాగూ పార్కే సరైన చోటు.

ఇక విగ్రహం సంగతి. సిమెంటు బొమ్మ లోపల ఇనుప ఊచలుంటాయి. తీరప్రాంతపు ఉప్పుగాలికి ఊచ తుప్పు పట్టి ఉబ్బుతుంది, పైనున్న సిమెంటు పగులుతుంది. ముందుగా పోయేవి వేళ్లు, మణికట్టు, చేతికర్ర. అవన్నీ ఊచ మీద అంగుళం మందం కూడా పట్టని చోట్లు. జయంతికి రెండు రోజుల ముందు బంగారు రంగు పూసేస్తే పగులు కనబడదు, లోపలికి దిగిన నీరు మాత్రం అక్కడే ఉంటుంది. పగిలిన చోట పెచ్చు తీసి, తుప్పు గీకి, ఊచకు తుప్పు పట్టని పూత వేశాకే పూడ్చాలి. పాత కట్టడాలకు అసలు సిమెంటే పనికిరాదు. పాత ఇటుక కన్నా అది గట్టిది, తేమను బయటికి పోనివ్వదు, చివరికి ఇటుకే పొడి రాలుతుంది. అక్కడ వాడాల్సింది ఇసుకతో కలిపి గానుగలో రుబ్బిన డంగు సున్నమే.

వీటన్నిటి కన్నా ముందు జరగాల్సింది రికార్డు. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధ స్తూపం ఉంది. అక్కడి నుంచి దొంగిలించిన ఒక శిల్పఫలకాన్ని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2005లో కొన్నది. అది చందవరానిదేనని పట్టించింది ఇక్కడ తీసిన పాత ఫొటో. 2016లో తిరిగి ఇచ్చారు. ఆ ఫొటోయే లేకుంటే అడగడానికి మనకు ఆధారమే ఉండేది కాదు. అందుకే ప్రతి శిల్పానికీ నాలుగు వైపులా, పక్కన కొలబద్ద పెట్టి ఫొటోలు తీయాలి. పగుళ్లకూ విరిగిన అంచులకూ దగ్గరి నుంచి వేరుగా తీయాలి. రెండు శిల్పాలు ఒకేలా ఉండొచ్చు గానీ, విరుపులు ఒకేలా ఉండవు. ఆ ఫొటోల నకలు ఒకటి జిల్లా కేంద్రంలో ఉండాలి.

నెల్లూరు జిల్లా ఉదయగిరిది ఇంకో రకం లోటు. 1514లో గజపతుల నుంచి కోటను గెలిచిన కృష్ణదేవరాయలు ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకెళ్లి, గుడి కట్టి ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. దాన్ని వెనక్కి తేవాలన్న గొడవ నాకు అనవసరం అనిపిస్తుంది. కొండ కింద ఒక ప్రతిరూపం పెట్టి, అసలుది ఏ దారిన ఎక్కడికి వెళ్లిందో పక్కన రాస్తే, ఉదయగిరి పిల్లలకు హంపి తమ ఊరి కథలో భాగమవుతుంది.

ఫలకం అవసరమే లేని చోటు ఒకటుంది. నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా. మొహర్రం వేళ రొట్టెల పండగలో, చెరువులో దిగిన జనం మధ్య కోరికను బట్టి చదువుల రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె అంటూ మతంతో పని లేకుండా చేతులు మారతాయి. అక్కడ కావలసింది విగ్రహమో ఫౌంటెనో కాదు. జనం దిగి నిలబడేంత నీళ్లు, పాకుడు పట్టని మెట్లు, చెరువులో కలవని మురుగు. సుందరీకరణ అంచనాలు వేసేటప్పుడు మొదటి పద్దు మురుగు మళ్లింపుదే కావాలి. లైట్లూ సెల్ఫీ పాయింట్లూ మిగిలిన డబ్బుతో చూసుకోవచ్చు.