మూలిగే పంపు మీద మామగారు

ఇందులో నేను కల్పించింది ఏమీ లేదు. మా గ్యారేజీలో కెమెరా ఉంది. దానికి కళ్ళతో పాటు చెవులు కూడా ఉన్నాయన్న సంగతి మా ఆయనకి గుర్తుండదు, మా నాన్నకి తెలీదు.

నాన్న రావులపాలెం ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యారు. ఆర్నెల్లు ఉందామని డాలస్ దగ్గర మా ఇంటికి వచ్చారు. మా ఆయన ఇంట్లో కూర్చుని ఎవరివో డేటాబేసులు చూస్తుంటాడు. గోదావరి వాళ్ళింట్లో మామా అల్లుళ్ళు ఎంత కొట్టుకున్నా 'గారు', 'అండి' వదలరు. పైగా గొడవ ముదిరేకొద్దీ అండీలు పెరుగుతాయి. ఆ లెక్కన చదువుకోండి.

బండి 1995 నాటి పికప్పు. ఆరు సిలిండర్లు వరసగా ఉండే 4.9 లీటర్ల ఇంజను. ముచ్చటపడి కొన్నది ఆయన, రోజూ ఆఫీసుకి తీసుకెళ్ళేది నేను. ఎత్తుగా కూర్చుని నడిపితే అదో తృప్తి. మూడు వారాల నుంచీ స్టీరింగు తిప్పితే చాలు, వీధి వీధంతా వినపడేలా కూత పెడుతోంది.

అల్లుడు: మావయ్యగారూ, కొత్త పవర్ స్టీరింగు పంపు వచ్చేసింది. ఎలాగూ శనివారం. మధ్యాహ్నానికల్లా మార్చేద్దాం.

మామగారు: ఎందుకండీ, లక్షణంగా పనిచేస్తున్న పంపుని?

అల్లుడు: పనిచేస్తోందా? నానని మినప్పప్పు గ్రైండర్లో వేసినట్టు మోగుతుంటే!

మామగారు: మోగుతోందంటే తిరుగుతోందనే కదండీ. మోగడం మానేస్తే అప్పుడు భయపడాలి.

అల్లుడు: నేను మొదట బెల్టేమో అనుకున్నాను.

మామగారు: బెల్టయితే కీచుమంటుందండి. ఇది మూలుగు. ఇంజను స్పీడు పెరిగితే పెరుగుతోంది, స్టీరింగు చివరిదాకా తిప్పితే ఏడుపవుతోంది. ఇది ఖాయంగా పంపేనండి.

అల్లుడు: అంటే పంపు పోయినట్టే కదా?

మామగారు: పోయిందని నేనెక్కడన్నానండీ? పెద్దదయిందన్నాను. ముప్ఫై ఏళ్ళు దాటాయి. మనుషులం మూలగట్లేదూ?

(ఇక్కడ నాన్న ఇంజను స్టార్టు చేయించి, పొడవాటి స్క్రూడ్రైవర్ మొన పంపుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నారు. డిపోలో ఆయన స్టెతస్కోపు అదే. విన్నాక మొహంలో ఒక్క క్షణం 'పాపం' అన్న భావం కనపడింది. వెంటనే దాచేశారు. ఎందుకు దాచారో నాకు సాయంత్రానికి గానీ తెలియలేదు.)

అల్లుడు: ఏమంటోంది?

మామగారు: బాగానే ఉన్నానంటోందండి. ఆయిల్ తగ్గి గాలి లాగుతోందేమో. కాస్త పోసి చూడండి.

అల్లుడు: మూడు వారాల్లో రెండు సీసాలు పోశాను. కింద పెట్టిన అట్టముక్క చూడండి, పోసిందంతా అక్కడే ఉంది. పుల్లీ వెనకాల సీలు లీకవుతోంది. ఆ ఆయిల్ రంగు చూడండి!

మామగారు: రంగుకేమండీ?

అల్లుడు: సీసాలో ఉన్నప్పుడు పండిన గోరింటాకులా ఎర్రగా ఉంది. ఇదేమో మాడిన పులుసు. పైన మజ్జిగ చిలికినట్టు నురగ. ఆ బుడగలు పంపులో నలిగి పేలుతుంటేనే ఈ కూత. లోపల రెక్కలు కూడా అరిగిపోతాయట.

మామగారు: ఎక్కడ చదివారండీ?

అల్లుడు: ఫోన్లో.

మామగారు: ఫోనులోనా! అయితే ఇంక తిరుగేముందండీ.

అల్లుడు: ఇంకోటి కూడా చదివాను. ఈ పవర్ స్టీరింగుని ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1926లోనే బండికి పెట్టి చూపించాడట. మామూలు జనం కొనుక్కునే కారులోకి రావడానికి మాత్రం 1951 దాకా పట్టింది. క్రైస్లర్ ఇంపీరియల్.

మామగారు: మా డిపోకి రావడానికి ఇంకా చాలా పట్టిందండి. నేను చేరినప్పుడు బస్సులన్నీ చేతి బలం మీద నడిచినవే. స్టీరింగు అంత వెడల్పుగా ఎందుకు పెట్టారనుకున్నారు? పట్టు దొరకడానికండి. స్టాండులో బస్సు తిప్పాలంటే డ్రైవరు సీట్లోంచి సగం లేచేవాడు. ఆ భుజాలు చూసి పిల్లనిచ్చేవారండి, ఆయ్.

అల్లుడు: నాకు పిల్లనిచ్చింది నా భుజాలు చూసేనా?

మామగారు: కాదండి. మీకు జాతకం చూసి ఇచ్చాం. తొందరపడుతున్నావేమో సుబ్బారావూ అని ఒకరిద్దరు అన్నారు కూడానండి.

(అరగంట ఇలాగే గడిచింది. బండి పొడుగు, గ్యారేజీ పొట్టి. వెనక భాగం బయటికి పొడుచుకొచ్చింది. మా కాలనీ సంఘం వాళ్ళకి ఇంటి ముందు బండి రిపేరు కనపడితే ఉత్తరం రాస్తారు. అందుకని మా ఆయన ఆ వెనక భాగం మీద పాత దుప్పటి కప్పాడు. దుప్పటి కప్పిన బండి ఇంకా అనుమానంగా కనపడుతుందని ఆయనకి తట్టలేదు.)

అల్లుడు: సరే, డబ్బు లెక్క చెప్తాను వినండి. షెడ్డుకి తీసుకెళ్తే నాలుగొందల యాభై డాలర్లన్నారు. పంపు ఒక్కటీ కొంటే డెబ్బై. పైగా పాతది వాపసు ఇస్తే ముప్ఫై తిరిగిస్తారు. వాళ్ళు దాన్ని విప్పి, బాగుచేసి మళ్ళీ అమ్ముకుంటారు.

మామగారు: అయితే మీరు తెచ్చిన ఈ కొత్తది కూడా ఎవరిదో పాతదేనన్నమాట.

అల్లుడు: ...అలా చూస్తే, అవును.

మామగారు: పాడైంది వాళ్ళకిచ్చి బాగున్నది తెచ్చుకోవడం, పైన డబ్బు కూడా వెనక్కి రావడం! మంచి పద్ధతండి. సంబంధాల విషయంలో మా వైపు ఈ సదుపాయం లేదు గానీండి.

అల్లుడు: మావయ్యగారూ, మీరు ఏదో దృష్టిలో పెట్టుకుని అంటున్నారు.

మామగారు: ఛ ఛ. పంపు గురించేనండి.

అల్లుడు: ముందు ఆ అర అంగుళం స్పానర్ ఇలా ఇవ్వండి.

మామగారు: మాకు అంగుళాల్లేవండి. పదమూడో నంబరు చాలదూ?

అల్లుడు: అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. పదమూడు వదులుగా ఉండి బోల్టు తల అరిగిపోతుంది. ఈ డబ్బాలో ఉండాలే... మావయ్యగారూ!

మామగారు: ఆ డబ్బా తియ్యకండి!

అల్లుడు: ఇందులో స్పానర్లు లేవు. కాజాలున్నాయి.

మామగారు: అవి... గ్రీజు పట్టించిన స్పేర్ పార్టులండి.

అల్లుడు: మడతలున్నాయి. పాకం కారుతోంది. తాపేశ్వరం వాసన వస్తోంది. మీ షుగరు మూడు నెలల సగటు 8.2 కదా? మీ అమ్మాయికి తెలిస్తే మనిద్దరినీ వాపసు ఇచ్చేసి ముప్ఫై డాలర్లు తెచ్చుకుంటుంది.

మామగారు: మెల్లగానండి. సాయంత్రం ఒకటి, ఆదివారం రెండు. అంతకు మించి ముట్టనండి. అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చే వేళకి ఇక్కడ కూర్చుంటాను. వీధి మలుపు దగ్గర స్టీరింగు తిప్పగానే కూత వినపడుతుంది. అక్కణ్ణుంచి ఇంటికి నలభై సెకన్లు. మూత పెట్టి, మూతి తుడుచుకుని, చేతిలో పేపరు పట్టుకోవడానికి సరిపోతుందండి.

అల్లుడు: అందుకా పొద్దుటి నుంచీ పంపు బాగుందంటున్నారు!

మామగారు: బాగుందనే కదండీ అన్నాను. ఎవరికని చెప్పలేదు.

అల్లుడు: మావయ్యగారూ, ఒక్క మాట. ఈ పంపు ఏదో ఒక రోజు దారిలోనే ఆగిపోతుంది. బండి ఆగదు, స్టీరింగు మాత్రం ఒక్కసారిగా రాయి అవుతుంది. ఆ టైముకి స్టీరింగు పట్టుకుని ఉండేది నేను కాదు, మీ అమ్మాయి. హైవే దిగే వంపులో.

(కెమెరాలో ఇక్కడ పదకొండు సెకన్లు మాట లేదు. లెక్కపెట్టాను.)

మామగారు: జరగండి.

అల్లుడు: ఏమిటండీ?

మామగారు: పక్కకి జరగండీ అంటున్నాను. ముందు బెల్టు ఏ పుల్లీ మీంచి ఎటు పోయిందో ఆ ఫోనులో ఫోటో తియ్యండి. చరిత్రలు చదవడానికి కాదు, ఫోను అందుకండి. బెల్టు తీశాక ఆ దారి బ్రహ్మకి కూడా గుర్తుండదు.

అల్లుడు: తీశాను. టెన్షనర్ వెనక్కి లాగుతున్నాను... బెల్టు వచ్చేసింది. ఈ పైపు విప్పనా? ఇందులో ప్రెషరు వెయ్యి పీఎస్ఐ దాటుతుందట. టైర్లో ఉండేది ముప్ఫై అయిదే.

మామగారు: ఇంజను తిరిగితేనండి అదంతా. ఆపాక చల్లబడుతుంది, మీ అత్తగారిలా కాదు. కింద బేసిను పెట్టి విప్పండి.

(అమ్మ ఈ రికార్డింగు ఇంకా వినలేదు.)

అల్లుడు: ఇప్పుడీ పుల్లీ రావట్లేదు. దాని వెనకే పంపు బోల్టులున్నాయి. సుత్తితో మెల్లగా ఒక్కటి—

మామగారు: సుత్తి కింద పెట్టండి! పెట్టండీ అంటుంటే! దెబ్బ పుల్లీకి తగిలినా నొప్పి లోపల షాఫ్టుకండి. పుల్లర్ పెట్టి లాగాలి, ఎక్కించేటప్పుడు కూడా మరతోనే నొక్కాలి. ముప్ఫై ఏళ్ళలో నా చేతి కింద పుల్లీ మీద సుత్తి వేసినవాడు ఒక్కడే. వాణ్ణి టిక్కెట్ల వైపు పంపించేశారండి.

అల్లుడు: పుల్లర్ మన దగ్గర లేదు కదా?

మామగారు: ఆ సంచిలో ఉంది. సామాన్ల కొట్టువాడు డిపాజిట్టు కట్టించుకుని ఊరికే ఇస్తాడట. పొద్దున్న మీరు స్నానానికి వెళ్ళినప్పుడు అమ్మాయి చేత తెప్పించాను.

అల్లుడు: పంపు మార్చొద్దంటూనే పుల్లర్ తెప్పించారా?

మామగారు: వద్దనుకున్న పనికి కూడా సామాను దగ్గరుండాలండి.

(ఆ తర్వాత గంటసేపు మాటలు తక్కువ, మూలుగులు ఎక్కువ. బయట ఎండ వంద ఫారన్‌హీట్ దాటింది. పాత పంపు బయటికొచ్చింది. ఆ పుల్లీనే కొత్త దానికి నొక్కుతూ, షాఫ్టు అంచుకి సరిగ్గా సమంగా వచ్చిందా లేదా అని నాన్న వేలితో పదిసార్లు తడిమి చూశారు. నా పెళ్ళిచూపుల్లో కూడా ఇంత పరీక్షగా చూడలేదు.)

అల్లుడు: ఆయిల్ పోసేస్తున్నాను. ఇది మొన్న గేరుబాక్సుకి తెచ్చి మిగిలింది. ఎర్రగానే ఉంది కదా, ఏదైనా ఒకటే.

మామగారు: రసం కూడా ఎర్రగానే ఉంటుందండి, అదీ పోస్తారా? బండి పుస్తకంలో ఏది రాశారో అదే పొయ్యండి.

అల్లుడు: పోశాను. ఇక స్టార్టు చేస్తాను.

మామగారు: చెయ్యరు. ఇప్పుడే స్టార్టు చేస్తే లోపలున్న గాలంతా నురగయిపోతుంది. జాకీ పెట్టి ముందు చక్రాలు లేపండి. జాకీ ఒక్కదాన్ని నమ్మకండి, కింద స్టాండులు పెట్టండి. ఇంజను ఆపే ఉంచి, స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా ఇరవైసార్లు తిప్పండి. బుడగలొస్తుంటే నేను చూస్తూ ఆయిల్ పోస్తుంటాను.

అల్లుడు: ఇరవైసార్లా!

మామగారు: ఆ జిమ్ముకి నెలనెలా కడుతున్నారు కదండీ.

అల్లుడు: ఆరు... ఏడు... మావయ్యగారూ, పదిహేను చాలదూ?

మామగారు: మీరు మాట్లాడినప్పుడు లెక్క మర్చిపోతున్నానండి. మళ్ళీ ఒకటి నుంచి.

(ఇదంతా అయ్యాక చక్రాలు దించి స్టార్టు చేశారు. మా ఆయన స్టీరింగు చివరిదాకా తిప్పి అక్కడే పట్టుకున్నాడు. 'అక్కడ బిగించి పట్టకండి, అయిదు సెకన్లు దాటితే కొత్తదీ పాతదవుతుంది' అని నాన్న కేక. వదిలాడు. కూత లేదు. ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇద్దరూ నన్ను పిలిచి, ఒక రౌండు కొట్టి రమ్మని తాళం ఇచ్చారు. వెళ్ళాను. ఒక్క వేలితో తిరిగింది స్టీరింగు. ఆ తర్వాత గ్యారేజీలో జరిగింది ఇదీ.)

అల్లుడు: మీ చెయ్యి పడింది కాబట్టి అయిందండీ. నిజంగా.

మామగారు: అదేం లేదండి. మీరూ బాగానే... సుత్తి తప్పిస్తే బాగానే చేశారు. ఇలా కూర్చోండి. ఆ డబ్బా అందుకోండి.

అల్లుడు: ఒకటే మరి. మీకు సగం.

మామగారు: కష్టపడిన ఒంటికి సగం ఏమిటండీ! పూర్తిది ఇవ్వండి. మీరు రెండు తీసుకోండి. కంగారు పడకుండా నెమ్మదిగా తినండి. మలుపు దగ్గర కూత వినపడ్డాక మనకి ఇంకా నలభై సెకన్లు ఉంటుంది.

అల్లుడు: అవునవును... ఆహా, లోపల ఇంకా పాకం ఉందండీ. ఇన్ని రోజులు ఒక్కరే ఎలా తిన్నారు మావయ్యగారూ?

మామగారు: బాధపడుతూనే తిన్నానండి.

అల్లుడు: మావయ్యగారూ.

మామగారు: ఊఁ?

అల్లుడు: ఇక కూత రాదు కదా.

(వాళ్ళు అప్పటికి తల తిప్పలేదు. బండి దుప్పటి పక్కనే ఆపి, తలుపు తీసుకుని, నేను నాన్న వెనకాల నిలబడి రెండు నిమిషాలైంది.)

మామగారు: అమ్మా... వచ్చేశావా! ఎంత మెత్తగా వచ్చేసిందండీ బండి... అల్లుడుగారండీ, ఆ పాత పంపు కొట్టువాడికి వాపసు ఇచ్చేశారా, ఇంకా ఇక్కడే ఉందా అండీ?