నీలం వడియాలు

మా డాబా మీద నాలుగు షిరాజ్ అనే వైన్ ద్రాక్ష తీగలున్నాయి. నాసిక్ నుంచి తెప్పించాను. "మా ఫ్యామిలీ వైన్‌యార్డ్" అని నేనంటాను, "ఆ పందిరి" అని మా ఆవిడంటుంది. నాన్నకి ద్రాక్ష అంటే పెద్ద పెద్ద పళ్ళ అనాబ్-ఎ-షాహీయే. వైన్ ద్రాక్ష చిన్నగా ఉంటుందనీ, తొక్క మందమనీ, గింజలుంటాయనీ, కొన్ని గుత్తులు కోసి పారేస్తేనే మిగతావాటికి రుచి దిగుతుందనీ చెబితే, "డబ్బులిచ్చి మరీ తెచ్చావా?" అన్నారు.

నాసిక్‌లో పంట కోసం కొమ్మలు కత్తిరించేది అక్టోబరు ప్రాంతంలో. అప్పటికి అక్కడ వానలు సర్దుకుంటాయి. విశాఖలో సరిగ్గా అప్పుడే బంగాళాఖాతం నిద్రలేస్తుంది. నేను నాసిక్ పంచాంగం చూసి కత్తిరించాను. లేత ఆకులొచ్చాయి, వెనకే అల్పపీడనం వచ్చింది. ఆకుల పైన నూనె మరకల్లాంటి మచ్చలు, తిప్పి చూస్తే తెల్లటి బూజు.

దీనికి మందు బోర్డో మిశ్రమం. ఫ్రాన్స్‌లో మెడాక్ రైతులు దారినపోయేవాళ్ళు ద్రాక్ష కోసుకుపోకుండా, రోడ్డు పక్క తీగలకి మైలుతుత్తం, సున్నం కలిపి పూసేవారట. ఆ తీగలకి బూజు తెగులు లేదని 1882లో మిలార్డే అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. అంటే పుట్టడం దొంగల మందుగానే పుట్టింది.

ఆదివారం ఎండ కాసింది. ప్లాస్టిక్ బకెట్లో పది లీటర్ల నీళ్ళకి వంద గ్రాముల మైలుతుత్తం, వంద గ్రాముల సున్నం. సున్నం చాలిందో లేదో తెలియాలంటే ఇనుప చాకు ముంచాలి. ముంచితే రాగి రంగు పట్టింది. ఇంకాస్త సున్నం వేసి మళ్ళీ ముంచాను. మూడోసారికి మిశ్రమం కుదిరింది. చాకు మా అత్తగారిచ్చిందని తర్వాత తెలిసింది.

స్ప్రేయర్ భుజానికెత్తుకుని మొదలుపెట్టానో లేదో, సముద్రపు గాలి లేచింది. ఎంవీపీ కాలనీలో ఇన్నేళ్ళుండి ఆ సంగతి మర్చిపోయిన బుద్ధిమంతుణ్ణి నేనే. గాలికి దిగువన పక్కింటి పిన్నిగారి డాబా. నేను చూసుకున్న ఎండే ఆవిడా చూసుకుని, తెల్ల పంచె పరిచి బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టారు.

"ఏటి బాబూ ఇది, నీలిమందు జల్లావేటి?"

కంగారులో మెడాక్ కథంతా చెప్పేశాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు.

"ఆ ఊళ్ళో దొంగలు సరే. నేనేటి దొంగిలించాను?"

రెండు గుమ్మడికాయలు, కిలో మినప్పప్పు, ఒక కొత్త పంచె. పైగా మరుసటి ఆదివారం కాకుల కాపలా కూడా నాదే. కర్ర పట్టుకుని వెళ్ళేసరికి, కొత్త వడియాల పంచె చుట్టూ పాత పంచె చింపిన పేలికలు పరిచి, వాటి మీద నీలం వడియాలు వరసగా పేర్చి ఉన్నాయి. పిట్టగోడ మీద కాకి వాలింది. తల ఓరగా పెట్టి నీలం వరసని చూసింది, ఎగిరిపోయింది.

"కర్ర పక్కనెట్టీ బాబూ," అన్నారు పిన్నిగారు. "నీ మందు పన్జేస్తంది."