మహారాజశ్రీ ఆత్మవిశ్వాసం గారికి

మారతహళ్ళి, బెంగళూరు.

అయ్యా,

మున్నేకొళాల సందులో కర్రీ పాయింట్ నడుపుతున్న మీ పాత స్నేహితుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. అలా రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. మీ క్షేమం మాత్రం నేను అడగక్కర్లేదు. నిన్న రాత్రి ఎదుటి టీకొట్టు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళ మధ్య కూర్చుని వాళ్ళ చేత ఏదో యాప్ పెట్టిస్తున్నారు, చూశాను. నా వైపు తల కూడా తిప్పలేదు.

మనం మొదట కలిసింది గుర్తుందా? అప్రైజల్ అయిన సాయంత్రం, సిల్క్ బోర్డు దగ్గర. క్యాబ్ నలభై నిమిషాలుగా అంగుళం కదల్లేదు. మీరు తలుపు తీసుకుని వచ్చి పక్కన కూర్చుని లెక్క మొదలుపెట్టారు. "ఒక్కో పీజీ హాస్టల్లో 80 మంది. మీ సందూ, చుట్టుపక్కల సందులూ కలిపి 20 పీజీలు. అంటే 1,600 నోళ్ళు. పదిమందిలో ఒక్కడు కొన్నా రోజుకు 160 పాకెట్లు. పాకెట్ 40 చొప్పున 6,400. నెలకు 1,92,000." క్యాబ్ ఇంటికి చేరేసరికి నేను రెండో బ్రాంచ్ హెచ్.ఎస్.ఆర్. లేఔట్‌లో పెట్టాలా, ఇందిరానగర్‌లో పెట్టాలా అని ఆలోచిస్తున్నాను.

పీజీ అద్దెలోనే తిండి కూడా కలిసి ఉంటుందన్న ముక్క మీరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు. నాకు తట్టకపోవడమే వింత. తొమ్మిదేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. ఇతరుల పనిలో తప్పులు వెతికి పట్టుకున్నందుకే నాకు జీతం ఇచ్చేవాళ్ళు.

మీ మాటకారితనానికి ఈ ఊరు బాగా కలిసొచ్చింది. "1981లో రూ. 10,000తో మొదలైంది ఇన్ఫోసిస్. 2007లో నాలుగు లక్షలతో కోరమంగళలో మొదలైంది ఫ్లిప్‌కార్ట్. నీ దగ్గర పీఎఫ్ డబ్బులే ఎనిమిది లక్షలున్నాయి కదా!" అన్నారు. నిజమే. కానీ ఇన్ఫోసిస్ పెట్టిన ఏడుగురూ అంతకుముందు చేసింది సాఫ్ట్‌వేర్ పనే. ఫ్లిప్‌కార్ట్ పెట్టిన ఇద్దరూ అమెజాన్‌లో పనిచేసి వచ్చి ఆన్‌లైన్‌లో పుస్తకాలు అమ్మారు. నేను అప్పటిదాకా వంటగదిలో చేసిన పని మ్యాగీ. అది కూడా నీళ్ళు ఎక్కువయ్యేవి.

మా పెద్దవాళ్ళు మునగచెట్టు ఎక్కించడం అంటారే, అదే మీరు నాకు చేసింది. దాని కొమ్మ ఎంత పెళుసో తెలియాలంటే పడాలి. నేను పడ్డాను, ములక్కాడలు మాత్రం ఇప్పటికీ కేజీల లెక్కన కొంటున్నాను.

అడ్వాన్సు సంగతి చెప్పనా? బెంగళూరు పాత అలవాటు ప్రకారం ఓనర్ పది నెలల అద్దె అడిగాడు. నెలకు 25,000 కాబట్టి రెండున్నర లక్షలు. బేరం ఆడదామని నోరు తెరిచాను. మీరు నా మోకాలు నొక్కి, "పెద్ద వ్యాపారస్తులు చిల్లర బేరాలాడరు" అన్నారు. ఆడతారండీ. పెద్ద వ్యాపారస్తులు ఆడేదే అది.

బోర్డు కూడా మీ సలహానే. పన్నెండడుగుల పొడవున తెలుగు అక్షరాలు, మూలన దోమంత కన్నడం. బోర్డులో 60 శాతం కన్నడం ఉండాలని 2024లోనే చట్టం సవరించారని పక్కకొట్టాయన చెప్పాక, రాయించిన నెలకే చెరిపించి మళ్ళీ రాయించాను. ఆ ఖర్చు దండగ కాలేదు లెండి. తలకట్టు ఒక్కటి సర్దుకుంటే కన్నడం చదవడం మనకు ఎంతసేపు?

2025 జూలైలో ఈ ఊళ్ళో చిన్న కొట్లవాళ్ళకు యూపీఐ లెక్కలు చూసి జీఎస్టీ నోటీసులు వచ్చాయి. అమ్మకం ఏడాదికి సరుకులైతే 40 లక్షలు, సేవలైతే 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ ఉండాలి కదా. బేకరీల ముందు, టీకొట్ల ముందు "నో యూపీఐ, ఓన్లీ క్యాష్" అని అట్టముక్కలు వేలాడాయి. అందరూ టెన్షన్‌లో ఉన్నారు. నేను రోజూ పోస్ట్‌మ్యాన్ కోసం చూశాను. నాకు రాలేదు. అంత అమ్మకం నాకెక్కడిది? ఎదుటివాడికి వచ్చిన పన్ను నోటీసు చూసి కుళ్ళుకున్నవాణ్ణి నేనొక్కణ్ణేనేమో.

ఇదంతా అయ్యాక మీ గురించి కాస్త వాకబు చేశాను. మీరు నన్నొక్కణ్ణే పట్టుకోలేదట. అమెరికాలో 1988లో అచ్చయిన ఒక అధ్యయనంలో, కొత్తగా వ్యాపారం పెట్టిన 2,994 మందిని మీరు గెలిచే అవకాశం ఎంత అని అడిగారు. 81 శాతం మంది పదికి ఏడు పాళ్ళో, అంతకన్నా ఎక్కువో అన్నారు. 33 శాతం మంది పదికి పదీ అన్నారు. మీలాంటి వ్యాపారమే ఇంకొకరు పెడితే అని అడిగితే మాత్రం, వాళ్ళకు ఏడు పాళ్ళో, అంతకన్నా ఎక్కువో ఇచ్చినవాళ్ళు 39 శాతమే. చూశారా మీ పక్షపాతం! ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ళే గెలుస్తారు.

ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో మీ దాయాది గురించి రాశారు. ఆ దాయాది పేరు "ఈ పని నేను చేయగలను". మీలాగా అన్నింట్లో తలదూర్చడు, ఒక్కో పనికి ఒక్కో మనిషి. ముఖ్యంగా ఆ పని చేసి నెగ్గుకొచ్చిన అనుభవంలోంచి పుడతాడట. ఆయన్ని నేను చూశాను. మా వంటక్క పక్కన నిలబడి ఉంటాడు.

వంటక్కది మదనపల్లె వైపు. చేరిన రోజు నన్ను అడిగిన మొదటి మాట, "అన్నా, బియ్యం ఎన్ని కేజీలు?" మీరు నా గొంతులో దూరి "ఎంతైనా పర్లేదు, అమ్మేద్దాం" అన్నారు. ఆ రాత్రి నాలుగు కేజీల అన్నం మిగిలింది. మర్నాటి నుంచి ఆమె నన్ను అడగడం మానేసింది. పొద్దున్నే మబ్బు చూస్తుంది. పక్క పీజీ వంటవాణ్ణి "ఈరోజు ఏం చేస్తాండావు?" అని అడుగుతుంది. ఉప్మా అంటే మాకు రెండు కేజీలు పెంచుతుంది, చికెన్ అంటే పప్పు తగ్గిస్తుంది. మీ 1,600 నోళ్ళ లెక్క ఆమెకు వివరించబోయాను ఒకసారి. ఉల్లిపాయలు తరుగుతూ విని, "మంగళారం వాళ్ళకు ఉప్మా కదా" అంది. నా నెల లాభంలో ముక్కాలు భాగం ఆ మంగళవారాలదే.

మీ మీద నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. రాజీనామా మెయిల్ పంపేటప్పుడు వచ్చారు. అగ్రిమెంటు మీద సంతకం పెట్టేటప్పుడు వచ్చారు. ప్రారంభోత్సవానికి ఇస్త్రీ చొక్కాతో వచ్చి మామగారి ముందు గంటసేపు మాట్లాడారు. టమాటా ధర మండిపోయి కూర మీద ఐదు రూపాయలు పెంచాల్సిన రోజున మాత్రం మీ ఫోన్ స్విచాఫ్. రోజూ వచ్చే కుర్రాడి మొహం చూసి నేను "అదే రేటు, తీసుకో తమ్ముడూ" అన్నాను. ఇప్పుడు ఒక అపార్ట్‌మెంటులో గృహప్రవేశానికి 60 భోజనాల ఆర్డరు వచ్చింది. ప్లేటు ఎంత అని ఆవిడ మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ "మీకు తెలియందేముంది మేడమ్" అన్నాను. నాకే తెలియదు. మళ్ళీ ఫోన్ చేస్తానంది. ఆ రెండు నిమిషాలు వచ్చి పోతారేమోనని ఈ ఉత్తరం.

ఇట్లు,
మీ పూర్వ పరిచయస్తుడు

తా.క.: పైది రాస్తుండగానే ఫోను మోగింది. వంటక్క చెయ్యి తుడుచుకుని ఎత్తి, "ప్లేటు నూట నలభై, గిన్నెలు సాయంత్రానికే తిరిగియ్యాల" అని పెట్టేసింది. అవతలావిడ సరేనందట. తర్వాత నా కాగితం వైపు చూసి, "ఎవరికన్నా ఇంత పొడుగు ఉత్తరం?" అంది. చెప్పాను.

"ఆయప్ప మనకేమన్నా బాకీనా?"

"రెండున్నర లక్షలు."

"అట్లయితే ఉత్తరాలు రాస్తే యాడిస్తారన్నా, ఇంటికి పోయి అడగాల" అని లోపలికి వెళ్ళింది.