మామిడి తోపు అమ్మి ఎంఎస్‌కి పంపాలా?

సెలవులకి అమెరికా నుంచి తిరుపతి, చిత్తూరు వైపు వెళ్ళే మన సంఘం సభ్యుల్లో ఈ ప్రశ్న ఎదురవని వాళ్ళు ఉండరు. "అక్కా, మా అబ్బోడికి బీటెక్ అయిపోతా ఉంది. ఎంఎస్‌కి పంపించమంటావా?" ఆ తర్వాత ఖర్చెంత, ఏ రాష్ట్రం మంచిది, చలి తట్టుకోగలడా, దగ్గర్లో మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వరసగా అడుగుతారు. ఏం చదవడానికి అని మాత్రం అడగరు. పిల్లవాణ్ణే పిలిచి అడిగితే "డేటా సైన్స్ అక్కా, రాకపోతే కంప్యూటర్ సైన్స్" అంటాడు. ఆ రెంటికీ తేడా ఏమిటని అడిగితే నవ్వి ఊరుకుంటాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎంఎస్, అంటే మాస్టర్స్ డిగ్రీ, మంచి చదువే. కొన్ని వృత్తుల్లో అది లేనిదే లోపలికి రానివ్వరు. కానీ మా ఊళ్ళలో ఎంఎస్ పేరుతో కుటుంబాలు కొంటున్నది అమెరికాలో మూడేళ్ళు ఉద్యోగం వెతుక్కునే అవకాశాన్ని. అది కొనడం తప్పేమీ కాదు, మనలో చాలామందిమి కొన్నదీ అదే. అయితే కొనేదేమిటో తెలిసి, దానికి తగ్గ లెక్క వేసుకుని కొనాలి. ఆ లెక్క ఎటు తిప్పి వేసినా, బీటెక్ పరీక్షలు రాసిన చేత్తోనే విమానం ఎక్కేవాడి కంటే, రెండు మూడేళ్ళు ఎక్కడైనా పనిచేసి వెళ్ళేవాడికే కలిసొస్తోంది.

ముందు అప్పు సంగతి చూద్దాం. ఫీజు, ఇంటి అద్దె, తిండి అన్నీ కలిపి 40 లక్షలు అప్పు అనుకోండి. 11 శాతం వడ్డీకి పదేళ్ళలో తీర్చాలంటే నెలకి దాదాపు 55 వేల ఈఎంఐ. మొత్తం కట్టేది 66 లక్షలు. చదువుకునే రోజుల్లో పెరిగే వడ్డీని ఇందులో కలపలేదు. డల్లాస్‌లో ఉద్యోగం వచ్చినవాడికి 55 వేలంటే ఆరు వందల డాలర్ల పైచిలుకు, ఇబ్బంది లేకుండా కట్టేస్తాడు. ఉద్యోగం రాక తిరిగొచ్చి చెన్నైలోనో బెంగళూరులోనో చేరినవాడికి అదే 55 వేలు కొత్తలో వచ్చే జీతం మొత్తాన్ని మింగేస్తుంది. అప్పు ఒకటే, చదువూ ఒకటే. ఒక ఇంట్లో అది పెద్ద విషయమే కాదు, ఇంకో ఇంట్లో కొంప మునుగుతుంది.

ఏడున్నర లక్షలు దాటితే ప్రభుత్వ బ్యాంకులు మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతాయి. తిరుపతిలో ఇల్లో, అంకణాల లెక్కన కొనిపెట్టుకున్న స్థలమో ఉన్నవాళ్ళు ఆ కాగితాలు ఇచ్చేస్తారు. వ్యవసాయ భూమిని ఈ అప్పులకి తాకట్టు పెట్టుకోవడానికి చాలా బ్యాంకులు ఇష్టపడవు. అందుకని బంగారుపాళ్యం, పాకాల వైపు వాళ్ళు మామిడి తోపులో కొంత అమ్మడానికి దిగుతారు, లేదా తాకట్టు అడగని ప్రైవేటు సంస్థ దగ్గర ఎక్కువ వడ్డీకి తెస్తారు. తోపు మీదే బతికే ఇంటికి ఈఎంఐ అంటే ఏమిటో చూడండి. 2025లో ధర పడిపోయినప్పుడు తోతాపురి మామిడికి కిలో 12 రూపాయలని ఖరారు చేశారు. అందులో 8 రూపాయలు గుజ్జు ఫ్యాక్టరీలు, 4 రూపాయలు ప్రభుత్వం ఇవ్వాలి. కాయ దించడానికి ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. ఆ ధర పూర్తిగా చేతికొచ్చినా, ఒక్క నెల ఈఎంఐకి నాలుగున్నర టన్నుల కాయ కావాలి. మామిడి ఏడాదికి ఒక్కసారే కాస్తుంది. బ్యాంకు వాళ్ళు మాత్రం నెలనెలా ఫోన్ చేస్తారు.

ఇక అవతలి గట్టు. చదువయ్యాక ఓపీటీ (విద్యార్థి వీసా మీదే పని చేసుకునే అనుమతి) మీద 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సు అయితే ఇంకో 24 నెలలు పని చేసుకోవచ్చు. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. ఈ మూడేళ్ళలో హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీలో తగలాలి. ఏడాదికి ఉన్నవి 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకి అదనంగా 20 వేలు. 2026 ఆర్థిక సంవత్సరానికి అర్హత ఉన్న దరఖాస్తులు 3.4 లక్షలు దాటితే, ఎంపికైనవి 1.2 లక్షలు. అమెరికాలోని విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు మన దేశం పిల్లలదే మొదటి స్థానం. 2023-24లో మొత్తం భారతీయ విద్యార్థులు 3.31 లక్షల పైనే, అందులో 1.96 లక్షలకు పైగా పీజీ, పీహెచ్‌డీ వాళ్ళే. వీళ్ళంతా అదే క్యూలోకి వస్తారు.

ఈ మధ్య రెండు మార్పులు వచ్చాయి. వాటి గురించి మా ఊరి కన్సల్టెన్సీలు సగమే చెబుతున్నాయి. 2025 సెప్టెంబరులో, బయటి దేశం నుంచి కొత్తగా హెచ్-1బీ మీద తెచ్చుకునేవాళ్ళకి లక్ష డాలర్ల రుసుము పెట్టారు. అప్పటికే అమెరికాలో విద్యార్థి వీసా మీద ఉండి మారేవాళ్ళకి అది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. దాంతో "ఇక్కడ కంపెనీలో చేరి ఆన్‌సైట్ మీద పోవచ్చులే" అన్న పాత దారి ఇరుకైపోయింది, ఎంఎస్ ఒక్కటే దారి అని బోర్డులు పెట్టుకోవడానికి కన్సల్టెన్సీలకి వీలు చిక్కింది. ఇంతవరకూ నిజమే. రెండోది చెప్పరు. 2026 నుంచి లాటరీ అందరికీ సమానంగా లేదు. ఆ పనికి ఇచ్చే జీతాన్ని నాలుగు అంచెలుగా చూసి, పై అంచె వాళ్ళ పేరు నాలుగుసార్లు, అడుగు అంచె వాళ్ళ పేరు ఒక్కసారి వేస్తున్నారు. అనుభవం లేని కొత్త గ్రాడ్యుయేట్ ఉండేది సాధారణంగా ఆ అడుగునే.

నేను రెండు మూడేళ్ళు పని చేసి వెళ్ళమనేది ఇందుకే. ఇంటర్వ్యూలు చేసే కుర్చీలో నేనూ కూర్చుంటాను. తాజా ఎంఎస్ పిల్లల రెజ్యూమెలన్నీ ఒక్క తీరులో ఉంటాయి. అవే కోర్సులు, అవే రెండు ప్రాజెక్టులు, అవే పదాలు. వాటి మధ్య "హైదరాబాదులో రెండేళ్ళు చెల్లింపుల సిస్టమ్ చూసుకున్నాను, నెలాఖరు రాత్రి అది పడిపోతే లేపి నిలబెట్టాను" అని ఒక్కటి కనిపిస్తే దాన్నే ముందు పిలుస్తాం. పైగా పని చేసినవాడికి తనకి ఏం రాదో తెలుస్తుంది. డేటాబేస్‌లతో కుస్తీ పట్టినవాడు ఆ కోర్సులో ప్రొఫెసర్‌ని నిలదీస్తాడు, మార్కుల కోసం కూర్చోడు. ఆ రెండేళ్ళ జీతంలో మిగిలింది అప్పుని తగ్గిస్తుంది కూడా. "గ్యాప్ వస్తే వీసా ఇవ్వరు" అని భయపెట్టేవాళ్ళున్నారు. ఉద్యోగం చేసిన కాలం గ్యాప్ ఎలా అవుతుంది?

మాస్టర్స్ లేకపోతే తలుపు తెరుచుకోని చోట్లు వేరే. వంతెనలు, పెద్ద భవనాల స్ట్రక్చరల్ డిజైన్, చిప్ డిజైన్, గణాంక శాస్త్రం, మందుల పరిశోధన, వీటికి బీటెక్‌లోనో బీఫార్మసీలోనో నేర్పేది సరిపోదు. పాఠం చెప్పాలన్నా అంతే. డిగ్రీ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే పీజీ, దాని మీద నెట్, సెట్ లాంటి అర్హత పరీక్షో పీహెచ్‌డీయో కావాలి, ఇంజనీరింగ్ కాలేజీలో ఎంటెక్ కావాలి. వ్యవసాయ శాస్త్రవేత్త కావాలన్నా ఎంఎస్సీ తప్పదు. అలాంటి పిల్లలు "మాస్టర్స్ అవసరమా?" అని అడగాల్సిన పనే లేదు, ఎక్కడ చేయాలో వెతుక్కోవడమే. మామూలు సాఫ్ట్‌వేర్ డెవలపర్ పనికి మాత్రం, నిజం మాట్లాడుకుంటే, ఆ డిగ్రీ వల్ల వచ్చే నేర్పు తక్కువ. శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ లాంటి ఫ్యాక్టరీల్లో ఎదగాలనుకునేవాడికీ ఎంటెక్ పట్టా కంటే లైన్ మీద గడిపిన ఏళ్ళే ఎక్కువ పనికొస్తాయని నా నమ్మకం.

ఎక్కడ చేయాలంటే మావాళ్ళకి ఇంటి పక్కదే కనిపించదు. ఎస్వీ యూనివర్సిటీ 1954 నుంచీ ఉంది. 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ (సైన్సు చదువు, పరిశోధనల సంస్థ) రెండూ ఏర్పేడు దగ్గరే ఉన్నాయి, కాళహస్తి బస్సెక్కితే దారిలోనే. గేట్ రాసి ఎంటెక్‌లో చేరినవాడికి నెలకి 12,400 రూపాయలు వాళ్ళే ఎదురు ఇస్తారు. తోపు అమ్మక్కర్లేదు. హాజరు లేకుండా, ఫీజు కడితే చాలు ఎంటెక్ పట్టా చేతికిచ్చే కాలేజీలు కూడా మన చుట్టుపక్కల ఉన్నాయి, ఆ సంగతి అందరికీ తెలుసు. వాటికి రెండేళ్ళు ధారపోయడం కంటే ఖాళీగా ఉండి ఇంగ్లీషు నేర్చుకోవడం నయం.

చదువే కావాలనుకునేవాళ్ళకి ఇంకో దారి ఉంది. జార్జియా టెక్ 2014 నుంచి కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌ని ఆన్‌లైన్‌లో చెబుతోంది. డిగ్రీ మొత్తం పది వేల డాలర్ల లోపే అయిపోతుంది, తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూ రాత్రుళ్ళు చదవచ్చు. ఈ మాట చెప్పగానే పిల్లల మొహాలు చిన్నబోతాయి. "దాంతో వీసా రాదు కదక్కా!" రాదు. మరి మనం ఇంతసేపూ మాట్లాడుకున్నది చదువు గురించేనా?

మా జిల్లాలో ఈ చర్చ వచ్చినప్పుడల్లా గల్లా రామచంద్ర నాయుడు గారి పేరు వస్తుంది. పేటమిట్టలో పుట్టి, ఎస్వీయూలో ఇంజనీరింగ్, రూర్కీలో పీజీ, మిషిగన్ స్టేట్‌లో ఎంఎస్ చేసి, తిరిగొచ్చి 1985లో అమర రాజా పెట్టారు, కరకంబాడిని బ్యాటరీల ఊరు చేశారు. "చూడు, ఎంఎస్ చేశాడు కాబట్టే" అంటారు. ఆ కథలో మధ్య భాగం వదిలేస్తారు. ఎంఎస్‌కీ అమర రాజాకీ నడుమ ఆయన ఏళ్ళ తరబడి అమెరికాలో ఇంజనీరుగా విద్యుత్ కేంద్రాల డిజైన్ పని చేశారు. కరెంటు రంగం లోతుపాతులు తెలిసింది ఆ పనిలోనే అని నాకు అనిపిస్తుంది.

ఆడపిల్లల విషయంలో మాత్రం నా లెక్క కొంచెం మారుతుంది. బెంగళూరులో ఒంటరిగా ఉండి ఉద్యోగం చేస్తానంటే ఒప్పుకోని ఇళ్ళు, ఎంఎస్ అంటే పాస్‌పోర్టు చేతికిస్తాయి. ఆ అమ్మాయికి రెండేళ్ళు పెళ్ళి మాట వాయిదా పడుతుంది, సొంత బ్యాంకు ఖాతా, సొంత నిర్ణయాలు వస్తాయి. దీన్ని ఈఎంఐ లెక్కలో వేయలేం. ముందు పని చేసి వెళ్ళమని ఆమెకి చెప్పడానికి నాకు నోరు రాదు, ఎందుకంటే ఆ రెండేళ్ళలో ముహూర్తం పెట్టేస్తారు. మగపిల్లల్లో కట్నం రేటు పెరుగుతుందని ఎంఎస్‌కి పంపేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

చివరగా మన సంఘం గురించి ఒక ప్రతిపాదన. ఎవరైనా సలహా అడిగితే మనం వచ్చిన ఏడాది మార్కెట్‌ని తలుచుకుని "పంపించు, ఎలాగోలా సర్దుకుంటుంది" అనేస్తున్నాం. దాని బదులు కన్సల్టెన్సీ చెప్పిన యూనివర్సిటీ పేరు తీసుకుని, అక్కడ పాఠం చెప్పేది ఎవరో, నిరుడు బయటికొచ్చినవాళ్ళు ఏ కంపెనీల్లో ఉన్నారో ఆ పిల్లవాడి చేతే వెతికించండి. ఒక సాయంత్రం పని. వాడే వచ్చి "ఇది వద్దక్కా" అంటే నలభై లక్షలు మిగిలినట్టే.

కొత్తగా వచ్చే పిల్లలకి మనం ఎయిర్‌పోర్టుకి కారు పంపుతున్నాం, మొదటి వారం ఇంట్లో ఉంచుకుంటున్నాం, పరుపులు, కుక్కర్లు ఇస్తున్నాం. మంచిదే. లాటరీ తగలక అప్పుతో తిరిగి వెళ్ళేవాళ్ళకి మాత్రం మన దగ్గర ఏమీ లేదు. వాళ్ళు ఊళ్ళో మొహం చూపించలేక "వర్క్ ఫ్రం హోమ్" అని చెప్పుకుంటూ తలుపులు వేసుకుని కూర్చుంటున్నారు. మన సభ్యులు పనిచేసే కంపెనీల్లో చాలావాటికి చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లో ఆఫీసులు ఉన్నాయి. వాటిలో రెఫరల్ ఇవ్వగలిగిన వాళ్ళ జాబితా ఒకటి తయారుచేసి, కార్యవర్గంలో ఒకరి చేతిలో పెట్టాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం ఎజెండాలో పెట్టమని కార్యదర్శి గారిని కోరుతున్నాను. నా పేరు ఆ జాబితాలో మొదట రాసుకోండి.