సవరణ: హెచ్‌డీ ఛానల్, 19 రూపాయల హద్దు

"ఏ హెచ్‌డీ పే ఛానల్‌కీ నెలకి 19 రూపాయలు మించి తీసుకోకూడదు, అడిగితే కట్టకండి" అని మొన్న రాశాను. అది తప్పు. టెలికాం, కేబుల్ టీవీ రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 నవంబరులో సవరించిన టారిఫ్ (ధరల) ఉత్తర్వు ప్రకారం 19 రూపాయలన్నది బొకేలో, అంటే కొన్ని ఛానళ్లు కలిపి ఒకే ధరకి అమ్మే ప్యాకేజీలో, చేర్చే ఛానల్‌కి పెట్టిన హద్దు. అంతకు మించిన ధర ఉన్న ఛానల్‌ని బొకేలో కలపకూడదు, అంతే. విడిగా అమ్మితే ఎంత పెట్టాలన్నది ఛానల్ వాళ్ల ఇష్టం. దానిమీద 18 శాతం జీఎస్టీ వేరు. అంటే 19 రూపాయల ఛానల్ మన బిల్లులోకి వచ్చేసరికి 22 రూపాయల 42 పైసలు.

ఉత్తర్వు పూర్తిగా చదవకుండా రాశాను, పొరపాటు నాదే.

నిన్న విజయనగరం గంటస్తంభం దగ్గర మా కేబుల్ కుర్రాడు కనబడి, రసీదు పుస్తకం తెరిచి ఖాళీగా ఉన్న మూడు పేజీలు చూపించాడు. "మీ పోస్టు చూసి ముగ్గురు డబ్బులు ఆపేశారండీ" అన్నాడు. ఆ ముగ్గురూ దయచేసి కట్టేయండి. అతను వసూలుకి వస్తాడు గానీ ధర పెట్టేది అతను కాదు.

నేను రాసిన మిగతా రెండూ సరైనవే. ఒకే ఛానల్ హెచ్‌డీ, ఎస్‌డీ (మామూలు నాణ్యత) రెండూ ఒకే బొకేలో పెట్టకూడదు. కావలసిన ఛానల్ ఒక్కటే విడిగా అడిగితే ఇచ్చి తీరాలి.