అకామా ఆగితే ఖాతా ఆగుతుంది

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్‌కు పోయే మనిషిని అందరూ అడిగేది ఒక్కటే: వీసా వచ్చిందా? అది ఏ రకం వీసా, కాగితంలో యజమాని ఎవరు, జీతం ఏ ఖాతాలో పడుతుంది అని అడిగేవాళ్లు తక్కువ. అప్పు తెచ్చి ఏజెంటు చేతిలో పోసిన ఇంట్లో ఆ ప్రశ్నలు అపశకునంలా వినిపిస్తాయి కూడా.

గల్ఫ్‌లో పరాయి దేశస్థుడి బ్యాంకు ఖాతా అతని నివాస కార్డును పట్టుకునే ఉంటుంది. సౌదీలో అకామా, ఎమిరేట్స్‌లో ఎమిరేట్స్ ఐడీ గడువు దాటి, కొత్త కార్డు వివరాలు బ్యాంకుకు అందకపోతే లావాదేవీలు ఆపేస్తారు. సౌదీలో అకామా రెన్యువల్ చేయించాల్సింది కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని. ఆయన ఫీజు కట్టకపోతే కార్మికుడు దాచుకున్న సొమ్ము ఖాతాలో ఉండీ చేతికి రాదు. ఈ సంగతి విమానం ఎక్కకముందే ఎంతమందికి తెలుసు?

ఇక ఆజాద్ వీసా పేరుకే ఆజాద్. కాగితం మీద ఒక కఫీల్, పని ఇంకొకరి దగ్గర. జీతాలు బ్యాంకులు, అనుమతి ఉన్న ఆర్థిక సంస్థల ద్వారానే చెల్లించాలని ఎమిరేట్స్ 2009లో, ఖతర్ 2015లో వేతన రక్షణ విధానాలు తెచ్చాయి. కాగితంలో లేని యజమాని ఇచ్చే డబ్బు ఆ లెక్కలోకి రాదు. అది నగదుగా చేతికొస్తుంది, బ్యాంకు లెక్కల్లోకి రాని హుండీ ఏజెంట్ల ద్వారా ఇంటికి చేరుతుంది. నెలల తరబడి జీతం ఎగ్గొట్టాడని ఫిర్యాదు చేద్దామంటే చూపడానికి ఒక్క స్టేట్‌మెంట్ ఉండదు. విజిట్ వీసా మీద పనికి పోయినవాడికైతే ఫిర్యాదు చేయాలన్నా భయమే. ఖల్లివెల్లి అయ్యాక, అంటే చెల్లే కాగితాలు లేకుండా మిగిలాక, ఉండేది ఆమ్నెస్టీ (ప్రభుత్వ క్షమాభిక్ష) కోసం ఎదురుచూపే. ఎమిరేట్స్‌లో 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు చివరిదాకా అలాంటి అవకాశం దొరికింది. మళ్లీ ఎప్పుడన్నది ఆ ప్రభుత్వం ఇష్టం.

రూమ్‌మేట్ అడిగాడని ఏటీఎం కార్డు, పిన్ ఇచ్చేయడం ఇంకో అలవాటు. ఆ ఖాతాలోకి ఎవరి దొంగ సొమ్ము వచ్చినా పోలీసులు వెతికేది ఖాతాదారుడినే.

మన వైపు నిర్లక్ష్యమూ తక్కువేం కాదు. ఉద్యోగానికి విదేశం పోయినవాళ్లు ఊళ్లో ఉన్న సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్‌వోగా (ప్రవాసుల ఇక్కడి సొమ్ముకు ఉండే ఖాతా) మార్పించుకోవాలని విదేశీ మారక చట్టం ఫెమా నిబంధనలు చెబుతాయి. అక్కడి సంపాదన పంపుకోవడానికి ఎన్ఆర్ఈ ఖాతా ఉంది, దాని వడ్డీపై ఇక్కడ పన్ను లేదు. ఇంట్లోవాళ్ల ఖాతాకు పంపడం తప్పేమీ కాదు. తన పాత ఖాతాను ఉన్నదున్నట్టు నడపడమే తప్పు. పైగా రీచార్జి లేక ఇక్కడి సిమ్ ఆగిపోతే ఓటీపీ రాదు. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతాయే పనిచేయనిదిగా మారుతుంది. పల్లె బ్రాంచిలో ఇవన్నీ ఓపిగ్గా చెప్పే మనిషి దొరకడం అదృష్టమే.

హన్మకొండ నుంచి చదువులకు పోయే పిల్లలకు కన్సల్టెన్సీలైనా ఉన్నాయి. జర్మనీ వీసాకు ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి, అక్కడికి వెళ్లాక నెలకు 992 చొప్పున తీసుకోవాలని అవి బాగానే చెబుతాయి. అమెరికాలో ఎఫ్-1 వీసా మీదున్న విద్యార్థి, ప్రత్యేక అనుమతి లేకుంటే, చదువు సాగుతున్న రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలకు మించకుండా పనిచేయాలన్న మాట దగ్గరికొచ్చేసరికే గొంతు తగ్గుతుంది.

గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షల రూపాయలు ఇస్తోంది. ఇవ్వాల్సిందే. కానీ బతికి ఉండగా, పోకముందు ఆ మనిషికి ఇస్తున్నదేమిటి? విదేశాలకు పనికి పోయేవాళ్ల రక్షణ చూసే కేంద్ర ప్రభుత్వ ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఏజెంటు మాత్రం ఊళ్లోనే ఉన్నాడు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, నిజామాబాద్ కలెక్టరేట్లలో ఒక్కో డెస్క్ పెట్టడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో చూడటం, కాంట్రాక్టును తెలుగులో చదివి వినిపించడం, వీసాలోని కంపెనీ, పని పెట్టుకునే కంపెనీ ఒకటేనా అని సరిచూడటం అక్కడే జరగాలి. ప్రతి జిల్లాలో బ్యాంకుల పనిని సమన్వయం చేసే లీడ్ బ్యాంక్ మేనేజర్ ఉన్నారు. ఎన్ఆర్ఈ, ఎన్ఆర్‌వో దరఖాస్తుల పని ఆయనకు అప్పగించవచ్చు. కలెక్టర్లు వచ్చే జిల్లా బ్యాంకర్ల సమావేశం ఎజెండాలోనే ఈ అంశం చేర్చాలి.