రాజాగారికి ఎదురు నోటీసు

తన సంగీతం తన ఆస్తి అని ఇళయరాజాగారు ఎప్పట్నుంచో అంటున్నారు. ఒప్పుకుంటున్నాను. 2017లో అమెరికాలో కచేరీలు చేస్తున్న బాలుగారికి నోటీసు వెళ్ళింది, అనుమతి లేకుండా నా పాటలు పాడొద్దని. ‘గుణ’ సినిమా పాటను వాడుకున్నందుకు 2024లో ‘మంజుమ్మెల్ బాయ్స్’ అనే మలయాళ సినిమావాళ్ళకూ వెళ్ళింది. చెట్టు నాటినవాడు కాయల లెక్క అడిగితే తప్పేముంది? ఇన్నేళ్ళూ గోడ దూకి కోసుకున్నది మనమే.

కానీ కాయలు కోసుకోవడం దొంగతనమైనప్పుడు, ఆ చెట్టు మట్ట విరిగి మన రేకుల మీద పడితే దాన్నేమంటారు? మా పక్కింటి కొబ్బరిచెట్టు విషయంలో నేనిదే అడిగాను. “చెట్టు మాదేనండీ, మట్టను పడేసింది మాత్రం గాలి” అన్నారు వాళ్ళు. అప్పటికి నోరు మూసుకుని వచ్చేశాను. రాజాగారి విషయంలో మూసుకోదలచలేదు. నలభై ఏళ్ళుగా ఆయన చెట్టు మట్టలు నా రేకుల మీద పడుతూనే ఉన్నాయి. అందుకని మా ఊళ్ళో సివిలు కేసులు చూసే ప్లీడరుగారి దగ్గరికి వెళ్ళి, ఎదురు నోటీసు రాసిపెట్టమన్నాను.

“జరిగిన నష్టం ఏమిటో వరసగా చెప్పండి” అన్నారాయన, కాగితం తీసి.

మొదటి నష్టం, నా వ్యక్తిత్వం. నేను సున్నిత హృదయుణ్ణని ఒక నమ్మకం ఉండేది నాకు. దానికి పునాది 1989లో ‘గీతాంజలి’ చూస్తున్నప్పుడు పడింది. తెర మీద నాగార్జున, ఊటీ మంచు, ఇద్దరికీ చావు దగ్గర పడింది. నా కళ్ళు ధారలు కట్టాయి. పక్క సీటువాడు కూడా ఏడుస్తున్నాడు గానీ, నా ఏడుపులో ఏదో నాణ్యత ఉన్నట్టు తోచింది. ఆ నాణ్యతను ముప్పై ఏళ్ళకు పైగా కాపాడుకుంటూ వచ్చాను. పెళ్ళిచూపుల్లో కూడా చెప్పాను, నాది కొంచెం మెత్తని మనసని.

కిందటేడు ఓ రాత్రి అదే సినిమా టీవీలో వచ్చింది. పక్క గదిలో మా అమ్మాయి పరీక్షలకు చదువుకుంటోంది. సౌండు పూర్తిగా తీసేసి చూశాను. మంచులో ఇద్దరు నడుస్తున్నారు. ఆగారు. మళ్ళీ నడుస్తున్నారు. చలికి స్వెట్టరు వేసుకోరేం అనిపించింది తప్ప కంట్లో చెమ్మ లేదు. అనుమానం వచ్చి ఓ క్షణం సౌండు పెట్టాను. వయొలిన్లు. అంతే, ముక్కు చీదుకోవలసి వచ్చింది. తీసేశాను, ఆరిపోయింది. పెట్టాను, పారింది. మునిసిపాలిటీ కుళాయి కూడా అంత విధేయంగా ఉండదు.

అంటే ఇన్నేళ్ళూ ఏడ్చింది నేను కాదు. నా కళ్ళను అద్దెకు తీసుకుని ఇంకొకరు ఏడ్చారు. అద్దె ఇవ్వలేదు.

ఆ తరవాత పట్టుదల పెరిగి, ఆ రోజుల్లో నాకు మహాకావ్యాల్లా తోచిన ఓ పది సినిమాలను ఇలాగే మూగగా చూశాను. వాటి పేర్లు చెప్పను, తీసినవాళ్ళు పెద్దవాళ్ళు. ఒకదాంట్లో హీరో మెట్లెక్కుతున్నాడు. నా జ్ఞాపకంలో ఆ మెట్ల మీద ఒక మనిషి తన గతాన్నంతా మోసుకుంటూ ఎక్కుతాడు. మూగగా చూస్తే కరెంటు బిల్లు కట్టడానికి వెళ్తున్నవాడిలా ఉన్నాడు. ఆ గతం ఎక్కడుందో తెలుసా? చెల్లో మీద ఉంది. ఆ ముఖంలో ఏమీ లేదు.

తీసిన సినిమాకు నేపథ్య సంగీతం కూర్చే ఈ పనిని చెన్నై భాషలో రీరికార్డింగు అంటారు, ముద్దుగా ఆర్‌ఆర్. రాజాగారు దాన్ని చేసే పద్ధతే అనుమానాస్పదం. రీలు ఒకసారి చూస్తారు. కలం తీస్తారు. హార్మోనియం మీద వేలు పెట్టి చూసుకోవడాలు లేకుండా, వయొలిన్లకు ఇది, ఫ్లూటుకు ఇది, బేసు గిటారుకు ఇది అని జాబు రాసినట్టు నోటేషను రాసుకుంటూ పోతారు. వాద్యకారులు ఆ కాగితాలు ముందు పెట్టుకుని వాయిస్తారు. మనమైతే పచారీ కొట్టు చీటీ రాసేటప్పుడు కూడా చింతపండు దగ్గర ఒకసారి ఆగుతాం. ఆయన ఆగేది మరో చోట. ఎక్కడ ఏమీ వాయించకూడదో అక్కడ. తెర మీద ఆవిడ తలుపు వేసుకుంటుంది, సంగీతం రాదు, మన గుండె చప్పుడు మనకే వినిపిస్తుంది. ప్లీడరుగారూ, ఇది రాసుకోండి. మౌనానికి కూడా కాపీరైటు ఉంటే ఆ నిశ్శబ్దాల మీద ఆయనకు బోలెడు రాయల్టీ వచ్చి ఉండేది.

1976లో ‘అన్నక్కిళి’తో మొదలుపెట్టి, 2016లో వచ్చిన ‘తారై తప్పట్టై’తో వెయ్యి సినిమాలు పూర్తిచేశారు. సినిమాకు రెండున్నర గంటలు వేసుకున్నా 2,500 గంటలు. తిండీ నిద్రా మానేసి చూస్తే 104 రోజులు. ఇందులో ఎంత భాగం నిజంగా సినిమా, ఎంత భాగం రాజాగారు అన్న విభజన ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు. చేస్తే చాలామంది దర్శకుల ఇళ్ళలో షీల్డులు చెన్నై వైపు కదలాల్సి వస్తుంది.

రెండో నష్టం, సైకిలు చైను. అదీ 1989లోనే, ‘శివ’. సినిమా చూసి వచ్చిన మర్నాడు కాలేజీ స్టాండులో నా సైకిలు చైను పట్టి లాగాను. మొదటిసారి తెగలేదు. రెండోసారీ తెగలేదు. అరచెయ్యి తెగింది, చొక్కాకు గ్రీజు అంటింది. చూస్తున్న నలుగురూ నవ్వారు. నా బలంలో లోపం లేదని ఇప్పుడు తెలుస్తోంది. వెనక ఆ మోత లేదు. అది లేకుండా చైను తెంపే మగాడు ఇంకా పుట్టలేదు. ఇనప వస్తువు గుణగణాల గురించి యువతకు తప్పుడు అభిప్రాయం కలిగించిన నేరం కింద...

“సివిలు నోటీసులో నేరం అనకూడదండీ” అన్నారు ప్లీడరుగారు. “పైగా 1989 అంటున్నారు. కాలదోషం పట్టింది.”

“ఆ సినిమాలకు పట్టలేదు కదండీ కాలదోషం?”

ఆయన కాసేపు ఆలోచించి ‘కొనసాగుతున్న నష్టం’ అని రాసుకున్నారు.

మూడోది దాంపత్యానికి సంబంధించింది కనక క్లుప్తంగా చెబుతాను. పెళ్ళయ్యాక మా ఆవిణ్ణి ఊటీ తీసుకెళ్ళాను. మంచు ఉంది. చెట్లున్నాయి. మెత్తని మనసు, నాది, ఉంది. గంటసేపు నిలబడ్డాం. “ఏమండీ, ఏదో తక్కువైంది” అంది ఆవిడ. తక్కువైందేమిటో అప్పుడు మా ఇద్దరికీ తెలియలేదు. హోటలు బాగా లేదనుకుని గొడవపడ్డాం.

ఇక నాలుగోది, దీనిమీద నేను గట్టిగా ఉన్నాను: స్నానాల గది. పాట అన్నాక మనిషి ఒంటరిగా పాడుకోగలిగేలా ఉండాలి. ఘంటసాలగారి పాట పాడుకోవడానికి ఒక నోరు, ఒక చెంబు చాలు. రాజాగారి పాట మొదలుపెట్టండి చూద్దాం. పల్లవి దాకా బానే ఉంటుంది. తరవాత ఇంటర్లూడు వస్తుంది. అక్కడ వయొలిన్లు ఒక మాట అంటాయి, ఫ్లూటు కాదంటుంది, అడుగున బేసు గిటారు వీళ్ళిద్దరితో సంబంధం లేకుండా తన కథ తను చెప్పుకుంటూ ఉంటుంది, ఆ కథే అసలు కథని ఇరవై ఏళ్ళకు తెలుస్తుంది. ఒక్క నోటితో ఎవరి తరఫున మాట్లాడాలి? మా బావమరిది వచ్చినప్పుడు అతను బేసు, నేను వయొలిన్లు తీసుకుంటాం. ఫ్లూటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. మా ఊళ్ళో ఓ పెళ్ళిలో ఆర్కెస్ట్రా కీబోర్డు అబ్బాయి ఇంటర్లూడు దాటేసి సరాసరి చరణంలోకి వెళ్ళిపోయాడు. పీటల మీది పెళ్ళికొడుకు తల తిప్పి చూశాడు. భోజనాల్లో గారెలు అయిపోయినా అంత అలజడి లేదు.

భక్తుల సంగతి కూడా రాయమందామనుకున్నాను గానీ నోటీసు పెరుగుతుందని ఒక్కరితో సరిపెట్టాను. మా స్నేహితుడొకడు కారులో పాట పెట్టి, “ఆగు, ఇప్పుడొస్తుంది చూడు, బేసు విను” అంటాడు. అది వచ్చేసరికి “విన్నావా, ఇదే, ఇక్కడ చూడు ఎలా తిప్పాడో” అంటూ ఉంటాడు. ఆ బేసు నేనింతవరకు వినలేదు.

ప్లీడరుగారు కళ్ళజోడు సవరించుకుని అసలు సమస్య పైకి తీశారు. “పరిధి. ఆయన తేని వైపు పన్నైపురం మనిషి. చెన్నైలో ఉంటారు. కేసు ఇక్కడ నిలబడుతుందా?”

దీనికి నేను సిద్ధపడే వెళ్ళాను. ఆయనకు ఐదు జాతీయ అవార్డులు. తమిళానికి రెండు: ‘సింధుభైరవి’, ‘తారై తప్పట్టై’. మలయాళానికి ‘పళశ్శిరాజా’. మిగిలిన రెండూ మనవి: ‘సాగర సంగమం’, ‘రుద్రవీణ’. సొంత భాషకెన్నో మనకూ అన్నే. అంటే ఆయనకు ఇక్కడ శాశ్వత నివాసం ఉన్నట్టే లెక్క. పైగా ఈ వ్యవహారంలో ఆయన ఒంటరి కాదు. ఏ1 ఆయనైతే, ఏ2 నెల్లూరు వైపు నుంచి వెళ్ళిన బాలుగారు, ఏ3 రేపల్లె దగ్గర పుట్టిన జానకమ్మగారు. ‘అన్నక్కిళి’లో తమిళ పల్లెపడుచు గొంతు జానకమ్మగారిదే. 1977లో రీతిగౌళలో కృష్ణుడి మీద ఓ పాట కట్టి, దాన్ని పాడించడానికి అప్పటి తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తం నుంచి వచ్చిన బాలమురళిగారిని పిలిచారు. దశాబ్దాల తరబడి రికార్డింగులు చేసుకున్న ప్రసాద్ స్టూడియో కట్టింది మన ఏలూరు దగ్గరి ఎల్వీ ప్రసాద్ గారు. నేరస్థలం కూడా మనదే!

“సివిల్లో ఏ1 ఉండదండీ. ప్రతివాది.”

“సరే, ప్రతివాదులు. ఇంకో సాక్ష్యం ఉంది.”

1985 నాటి ‘సింధుభైరవి’లో కథానాయకుడు కర్ణాటక విద్వాంసుడు. తమిళ శ్రోతల ముందు అన్నీ తెలుగు కృతులే పాడుతుంటే, ఒకమ్మాయి లేచి, జనానికి అర్థమయ్యేలా తమిళంలో పాడొచ్చు కదా అంటుంది. న్యాయమైన ప్రశ్న. రాజాగారు ఆ సినిమాలోనే త్యాగరాజస్వామి ‘మరి మరి నిన్నే’ కృతిని దాని కాంభోజి రాగంలోంచి లేవదీసి సారమతిలో కూర్చోబెట్టారు. అది వెళ్ళి ఓ పల్లెపాటలో ఎక్కడ కలిసిందో తెలియకుండా కలిసిపోయింది. త్యాగయ్యగారు నోటీసు పంపలేదు. ఆయనకు ఆ అలవాటు లేదు, నిధి సుఖమా అని అడిగి ఊరుకున్నారు. అదే సినిమాలో ఇంకో పాటంతా ఆరోహణే, ఎక్కడమే తప్ప స్వరం కిందికి దిగదు. అలాంటిది నేను మళ్ళీ చూసింది హైదరాబాదు చుట్టుపక్కల భూముల ధరల్లోనే. నా వాదన ఏమంటే, తరతరాలుగా తమిళులు అర్థం తెలియని తెలుగును భక్తిగా పాడారు. ఆ బాకీ ఇప్పుడు మన చేత తీర్పిస్తున్నారు. తమిళ ముక్క ఒక్కటి రాని మా బావమరిది ఆ పాటలు తప్పులతో సహా కంఠతా పాడతాడు. వసూలు చేస్తున్నది ఎవరు? ఏ1.

“ప్రతివాది” అన్నారు ప్లీడరుగారు.

చివరగా, ఏం కావాలో రాయాలి. డబ్బు వద్దన్నాను. ఒక వయొలిన్ ఆయన్ని మా ఇంటికి డెప్యుటేషను మీద పంపితే చాలు, నేను సాయంత్రం బస్సు దిగి గేటు తీసేటప్పుడు ఓ పది సెకన్లు. అలాగే స్నానాల గదిలో పాడుకోవడానికి రాతపూర్వక అనుమతి.

“గదిలో పాడితే సొంత వాడకం, పరవాలేదు” అన్నారాయన. “కిటికీ తెరిచి పాడతారా?”

“గాలాడదు కదండీ, తెరుస్తాను.”

“ఎవరికి వినబడుతుంది?”

“వీధి చివర ఇస్త్రీ బండి అతనికి.”

“అయితే బహిరంగ ప్రదర్శన కిందికి వస్తుంది” అని కలం కింద పెట్టారు. “మీరు నోటీసు పంపేకన్నా, రాకుండా చూసుకోవడం మంచిది.”

ఆ మాట మీద నేను లేవబోతుంటే బల్ల మీద ఆయన ఫోను మోగింది. రింగ్‌టోను ‘మౌనరాగం’ బీజీఎం. ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తమనలేదు. ఇద్దరం ఫోను వంక చూస్తూ కూర్చున్నాం. గుమాస్తా కుర్రాడు ఫైళ్ళు కట్టేవాడు కట్టడం ఆపాడు. మధ్యలో తెగిపోయింది, అసలు చోటికి రాకముందే.

“ఎవరండీ?” అన్నాను.

“ఎవరో క్లయింటు. మళ్ళీ చేస్తాడు లెండి.”

నేను మళ్ళీ కూర్చున్నాను.